కేసు వేస్తే కొడుకు తిరిగొస్తాడా?

ప్రశ్న: మావారు రిటైర్డ్ టీచరు. పెన్షన్‌తో మాకు లోటు లేదు. హైదరాబాద్‌లో ఉండే పెద్దబ్బాయి రెండేళ్లుగా మాతో మాట్లాడటం లేదు. చిన్నవాడి గృహప్రవేశంలో, పెద్ద కోడలి పుట్టింటివాళ్లు ఏమీ పెట్టలేదని ఈయన నలుగురిలో అన్నారు. అంత చిన్న మాటకే కన్నవాళ్లను వదిలేస్తారా? ‘వాడి మీద కేసు వేస్తా, వాడే దిగొస్తాడు’ అంటున్నారు ఈయన. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు కేసు సంగతి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం, సొంత సంపాదనతోనో ఆస్తితోనో బతకలేని పెద్దలకు ఆసరా. ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్ పిల్లల చేత నెలనెలా భరణం ఇప్పిస్తుంది. ఆ చట్టంలో గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. పెన్షన్‌తో హాయిగా గడుస్తున్న మీకు అది వర్తించడం కష్టం. పైగా అమ్మకు ఫోన్ చెయ్యమని ఏ ట్రిబ్యునలూ ఆర్డరు వెయ్యదు. నోటీసు అందితే మీవాడు లాయర్‌తో మాట్లాడతాడు, మీతో కాదు.

ఇక ఆ ‘చిన్న మాట’. పెద్దవాళ్లకు ఆఖరి గొడవే గుర్తుంటుంది, పిల్లలకు దాని వెనకవన్నీ గుర్తుంటాయి. చదువులో తమ్ముడితో పోలికలు, పెళ్లిలో లాంఛనాల పేచీ, పండక్కి వచ్చిన ప్రతిసారీ కోడలికి దెప్పులు... ఇలాంటివేమైనా జరిగాయేమో నిజాయితీగా ఆలోచించండి. ఇంకొకటి. ఆయన ఆ మాట అన్నప్పుడు మీరేమన్నారో ఉత్తరంలో లేదు. ‘మీ నాన్న సంగతి తెలిసిందేగా, నువ్వే సర్దుకుపో’ అని చాలామంది తల్లులు అంటారు. తండ్రి కోపం కన్నా తల్లి ఇచ్చే ఆ సలహాకే కొందరు పిల్లలు ఎక్కువ నొచ్చుకుంటారు. ఈ ఇంట్లో తన పక్షాన ఎవరూ లేరని వాళ్లకు తేలిపోతుంది.

కాబట్టి మేనమామలతో రాయబారాలు వద్దు. మీరే ఒక ఉత్తరం రాయండి. ఆరోజు కోడలికి అవమానం జరిగిందని, మీరు అడ్డుకోలేదని, అది తప్పేనని ఒప్పుకోండి. ‘అయినా కన్నతండ్రేగా’ అనే ముక్క రాశారంటే ముందు రాసినదంతా వృథా. మీ ఆయన తరఫున క్షమాపణ చెప్పకండి, అది ఆయనే కోడలికి చెప్పాలి. జవాబు కోసం తొందరపెట్టకండి. పుట్టినరోజుకో పండక్కో ఒక మెసేజ్ చాలు. వాడు మళ్లీ వస్తే కోడలికి ఆ ఇంట్లో మర్యాద దక్కాలి. అందుకు మీ ఆయన్ని ఒప్పించే పని ఈరోజే మొదలుపెట్టండి.