"ఇంకొక్కటి చూసి పెట్టేస్తాను!"

విద్యార్థులారా! వేసవి సెలవులు సమీపిస్తున్నాయి. మస్కట్ ఎండ నలభై డిగ్రీలు దాటితే ఆటస్థలంలో ఎవరూ ఉండరు. మీరు చల్లని గదిలో ఫోను పట్టుకొని కూర్చుంటారు. అమ్మ పిలిస్తే "ఇంకొక్కటి చూసి పెట్టేస్తాను" అంటారు. ఆ ఒక్కటి పది అవుతుంది. మీరు అబద్ధమాడుతున్నారని నేను అనుకోను. ఆ సమయంలో మీ మెదడులో ఏమి జరుగుతున్నదో తెలుసుకుందాం.

1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల మెదడులో సన్నని తీగలను అమర్చారు. ఎలుక మీట నొక్కితే ఆ తీగలో స్వల్పంగా విద్యుత్తు ప్రసరించేది. ఎలుకలు ఆ మీటను మళ్ళీ మళ్ళీ నొక్కుతూనే ఉన్నాయి! మెదడులోని ఆ మార్గాలలో పనిచేసే ముఖ్యమైన రసాయనం డోపమైన్ అని తరువాత తెలిసింది.

డోపమైన్ అంటే ఆనందమే అని చాలామంది చెబుతారు. అది సగం నిజమే. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతులను పరిశీలించాడు. మొదట పండ్లరసం నోట పడినప్పుడు డోపమైన్ కణాలు చురుకయ్యాయి. రసానికి ముందు ఒక గుర్తు కనిపిస్తుందని కోతి నేర్చుకున్న తరువాత, ఆ గుర్తు కనబడగానే చురుకయ్యాయి. రసం అందినప్పుడు కాదు. దొరికిన దానికంటె దొరకబోయే దానివైపే మెదడు మనలను లాగుతుందన్నమాట. దొరుకుతుందో లేదో తెలియనప్పుడు ఆ లాగుడు మరింత బలపడుతుంది. తరువాతి వీడియో ఎలా ఉంటుందో మీకు తెలియదు. అందుకే వేలు ఆగదు.

ఆపవలసిన భాగం నుదుటి వెనుక ఉన్నది. అది పూర్తిగా ఎదగడానికి సుమారు ఇరవై అయిదేళ్ళు పడుతుంది. మీ బండికి ఇంజను సిద్ధమే, బ్రేకు ఇంకా బిగిస్తున్నారు! అందుచేత అమ్మానాన్నలు ఫోను అడిగి తీసుకుంటే, కొంతకాలం వారు మీకు బ్రేకుగా ఉన్నారనుకోండి.

అన్ని తెరలూ ఒకటి కావు. ఊరిలోని నాయనమ్మ వీడియోలో మాట్లాడి "ఉంటాను నాన్నా" అనగానే ఆ మాట ముగుస్తుంది. పుస్తకానికి చివరి పుట ఉంటుంది. పొట్టి వీడియోల వరుసకు చివర లేదు. అడుగు కనిపించకుండా జారుతూ పోయే ఇటువంటి తెరను 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, తరువాత అందుకు విచారించాడు.

సెలవులలో నాలుగు రోజులు ఎక్కువ ఆడితే రోగమని భయపడకండి. నెలల తరబడి చదువు, నిద్ర, స్నేహాలు చెడిపోతున్నా ఆట ఆపలేకపోవడాన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా గుర్తించింది. అటువంటి వారికోసం బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుండి ప్రత్యేక వైద్యశాల నడుస్తున్నది.

ఈ వారం ఒక పని చేయండి. ఫోను తీసుకొనే ముందు ఎన్ని నిమిషాలు చూస్తారో నోటుపుస్తకంలో వ్రాయండి. పెట్టేసిన తరువాత గడియారం చూసి, నిజంగా చూసిన నిమిషాలు పక్కన వ్రాయండి. ఆదివారం తరగతిలో ఆ రెండు అంకెలూ కలిసి చూద్దాం.