హన్నా ఇచ్చిన ప్రత్యుత్తరము: కృంగిన విద్యార్థి తలిదండ్రులతో ఏలాగు మాటలాడవలెను?

పఠన భాగము: 1 సమూయేలు 1:1–18
తోడి భాగములు: 1 రాజులు 19:1–8, 2 రాజులు 5:9–14, కొలొస్సయులకు 3:20, 21

ఉపోద్ఘాతము

మన సంఘములలోని యౌవనులనేకులు చదువు నిమిత్తము ఇల్లు విడిచి హాస్టళ్లలోను అద్దె గదులలోను నివసించుచున్నారు. వారిలో కొందరు నిద్రలేక, ఆహారము సహింపక, చదివినది మనస్సున నిలువక, లోలోపల కుమిలిపోవుచు, ఆదివారము ఇంటినుండి ఫోను వచ్చినప్పుడు మాత్రము "బాగానే ఉన్నాను" అని చెప్పుచుందురు. ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశమందు 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములను తామే తీసికొనిరి. ఒక్కొక్క మరణమునకు కారణములు పెక్కు ఉండవచ్చును. అయినను వారిలో ఎందరు తమ బాధను ఇంటిలో చెప్పుకొనగలిగిరి, ఎందరు చెప్పియు వినువారు లేక మిగిలిరి అను ప్రశ్న సంఘమును కలతపెట్టవలసినదే.

కృంగుదలను ఇంటిలో చెప్పుట తలిదండ్రులను అవమానపరచుట యగునా? వారు అపార్థము చేసికొనిన యెడల విశ్వాసియైన బిడ్డ మౌనముగా నుండవలెనా? ఈ ప్రశ్నలకు హన్నా చరిత్రలో ఉత్తరమున్నది.

1. ఇద్దరు పెద్దలు, రెండు అపార్థములు

హన్నా ఏడ్చుచు భోజనము మానివేసెను. ఆమె భర్త ఎల్కానా దీనిని చూచెను. అతడు కఠినుడు కాడు; ఆమెను ప్రేమించినవాడు. అయినను ఆమె దుఃఖమునకు అతడిచ్చిన ఔషధము తన్ను తాను చూపుకొనుటయే: పదిమంది కుమారులకంటె నేను నీకు ఎక్కువ కానా అని అతడు అడిగెను (8వ వచనము). "ఫీజులు కట్టితిమి, ఫోను కొని ఇచ్చితిమి, నీకేమి తక్కువ చేసితిమి?" అని నేటి తలిదండ్రులడుగునదియు ఇదే ప్రశ్న. ఇందులో ప్రేమ లేకపోలేదు. అయితే బిడ్డ బాధను తమ మీద వేసిన నింద అని వారెంచుచున్నారు.

రెండవవాడు యాజకుడైన ఏలీ. పెదవులు కదలుచు స్వరము వినబడకుండుట చూచి, ఆమె మత్తులో నున్నదని తలంచి, అతడు గద్దించెను. ప్రార్థనను త్రాగుబోతుతనమని ఒక దైవసేవకుడే పొరబడెను! "ప్రార్థన తగ్గిపోయినది, విశ్వాసము చల్లారినది, ఫోను చూచుట ఎక్కువైనది, సోమరితనము పట్టినది" అని కృంగిన బిడ్డతో చెప్పు పెద్దలు ఏలీవలె పైరూపమును చూచి తీర్పు తీర్చుచున్నారు. మనలను ప్రేమించు పెద్దలును దేవుని సేవించు పెద్దలును మన బాధ విషయమై పొరబడవచ్చునని వాక్యము దాచక చెప్పుచున్నది.

2. హన్నా చెప్పినదేమి, చెప్పనిదేమి

ఏలీ గద్దింపునకు హన్నా ఇచ్చిన ప్రత్యుత్తరము (15, 16 వచనములు) శ్రద్ధగా చదువదగినది. మొదట, మీరనుకొనినట్లు కాదు అని ఆమె స్పష్టముగా చెప్పెను. అయితే ఏలీని ప్రభువని సంబోధించి గౌరవముతో చెప్పెను. తరువాత తన స్థితికి పేరు పెట్టెను. హెబ్రీ మూలములో ఆమె వాడిన మాట "కషత్ రూవహ్". కఠినమైన, బరువైన ఆత్మగలదానను అని దాని భావము. అటుపిమ్మట, తన హృదయమును దేవుని సన్నిధిని కుమ్మరించుచున్నానని తెలిపెను. చివరగా, నన్ను పనికిమాలినదానిగా ఎంచవద్దని వేడుకొనెను.

ఆమె చెప్పని సంగతి యొకటి కలదు. తాను గొడ్రాలనియు, పెనిన్నా తన్ను విసికించుచున్నదనియు ఆమె ఏలీతో చెప్పలేదు. కారణమును చెప్పక స్థితిని మాత్రమే చెప్పెను. "కారణమేమి? ఎవరేమన్నారు? ప్రేమ వ్యవహారమా? మార్కులా?" అని పెద్దలు అడుగుదురని భయపడి విద్యార్థులనేకులు నోరు తెరువరు. కృంగుదల వ్యాధికి పలుమార్లు ఒకే కారణము చూపుట సాధ్యము కాదు. బాధపడువానికే అది తెలియకపోవచ్చును. కారణము తెలియనంతమాత్రమున బాధ అబద్ధము కాదు. హన్నావలె స్థితిని చెప్పిన చాలును.

3. సన్మానించుట అనగానేమి?

తలిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞలోని హెబ్రీ క్రియ "కబ్బేద్". దాని ధాతువునకు బరువు అని అర్థము. ఒకరిని సన్మానించుట అనగా వారిని తేలికగా ఎంచక బరువుగల వారినిగా ఎంచుట. బిడ్డ తన బాధను దాచి "బాగున్నాను" అని అబద్ధము చెప్పినప్పుడు తలిదండ్రులు సత్యమును భరింపజాలని తేలికవారని ఎంచినట్లగును. సత్యము చెప్పుట వారికి బరువునిచ్చుట. కాబట్టి గౌరవముతో చెప్పిన నిజము ఈ ఆజ్ఞను మీరుట కాదు, గైకొనుటయే.

అపొస్తలుడైన పౌలు పిల్లలకు విధేయత బోధించిన వెంటనే తండ్రులకును ఒక ఆజ్ఞ ఇచ్చెను (కొలొస్సయులకు 3:21). పిల్లలు ధైర్యము చెడిపోకుండునట్లు వారికి కోపము పుట్టింపవద్దని దాని భావము. అచ్చట పౌలు వాడిన గ్రీకు క్రియ "అతుమెయో", లోపలి ఉత్సాహము ఇంకిపోవుట. క్రొత్త నిబంధనలో ఈ మాట ఇంకెక్కడను లేదు. ఉన్న ఒక్క చోటను అది ఇంటిలోని బిడ్డను గూర్చినదై యున్నది.

4. దుఃఖమా, వ్యాధియా?

హన్నాకు నేటి వైద్యులు డిప్రెషన్ అను వ్యాధి ఉండెనని మనము చెప్పుట లేదు. దుఃఖము అందరికిని వచ్చును. అయితే మనస్సు దిగులుగా నుండుట గాని, ఇంతకుముందు ఇష్టమైనవాటియందు ఆసక్తి నశించుట గాని, దినములో అధికభాగము ఇంచుమించు ప్రతిదినము రెండు వారములు కొనసాగి, దానితో నిద్రలోను ఆకలిలోను మార్పు, అలసట, ఏకాగ్రత లేమి, నేను పనికిరాననెడి తలంపు, మరణపు ఆలోచనలు కూడినయెడల, దానిని వైద్యుడు పరీక్షింపవలెను. మాటల ద్వారా చేయు చికిత్సయు, అవసరమైనచో మందులును దీనికి కలవు. మందులు పని చేయుటకు కొన్ని వారములు పట్టును. వైద్యుని అడుగక వాటిని హఠాత్తుగా మానరాదు. ఇవి మత్తు పదార్థములవలె మనుష్యుని వశపరచుకొనునవి కావు.

వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసమా? ఏలీయా చావు కోరినప్పుడు దేవుడు మొదట అతనికి నిద్రను, రొట్టెను, నీటిని ఇచ్చెను. పిమ్మటనే అతనితో సంభాషించెను. హిజ్కియాకు స్వస్థత వాగ్దానము చేసిన తరువాత కూడ యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టింపజేసెను (యెషయా 38:21).

మన దేశపు సంఘచరిత్రలోను ఒక సాక్ష్యమున్నది. 1907లో భారతదేశమునకు వచ్చిన మెథడిస్టు మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ తొలి సంవత్సరములలో మానసికముగా కృంగి, పలుమార్లు సేవ చేయలేని స్థితికి వచ్చెను. లక్నోలోని ఒక దేవాలయములో ప్రార్థించుచుండగా తనకు విడుదల కలిగెనని ఆయనయే వ్రాసెను. అయితే నేను ప్రార్థనవలన బాగుపడితిని గనుక ఎవరికిని వైద్యుడు అక్కరలేదని ఆయన అనలేదు. 1950లో అదే లక్నో నగరమందు నూర్ మంజిల్ అను మానసిక వైద్య కేంద్రమును స్థాపించెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారి మానసిక చికిత్సాలయములోను, రోగితో కూడ అతని కుటుంబము వచ్చి నివసించి చికిత్సలో పాలుపొందు పద్ధతి 1950ల నాటినుండి వాడుకలో నున్నది. ఇంటివారు తోడుండుట చికిత్సలో ఒక భాగమని ఆ వైద్యులు ఎరిగిరి.

5. చెప్పు విధానము

సమయమును ఎన్నుకొనుడి. పరీక్షా ఫలితములు వచ్చిన దినమున గాని, బంధువులు కూడియున్నప్పుడు గాని కాక, తలిదండ్రులు తీరికగా నున్న వేళ చెప్పుడి. ఇద్దరిలో ఎవరు నెమ్మదిగా విందురో వారితో ముందు చెప్పవచ్చును. ఎదుట చెప్పలేనివారు ఉత్తరము వ్రాయవచ్చును. పెద్ద మాటలు వాడక ఇంటి మాటలలోనే చెప్పుడి. హన్నా మాట క్రమమునే అనుసరించి ఈలాగు చెప్పవచ్చును:

"అమ్మా, నాన్నా, మీతో ఒక మాట చెప్పాలి. నెల రోజులుగా నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అన్నం సయించడం లేదు. పుస్తకం తెరిస్తే ఒక్క పేజీ తలకెక్కడం లేదు. ఊరికే ఏడుపు వస్తోంది. ఇది బద్ధకం కాదు, మీమీద కోపమూ కాదు. ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. ఎందుకిలా ఉందో నాకూ తెలియదు. ఒక్కసారి నాతో డాక్టరు దగ్గరికి రండి."

చివరి వాక్యము ముఖ్యము. ఏమి చేయవలెనో తెలియని తలిదండ్రులు భయముచేత కోపపడుదురు. చేయదగిన చిన్న పని యొకటి వారి చేతికిచ్చినయెడల ఆ భయము కొంత తగ్గును.

6. ఏలీ వినని యెడల

హన్నా మాట విని ఏలీ తన తలంపు మార్చుకొని ఆమెను ఆశీర్వదించెను. అందరును ఒక్కమారు వినగానే మారరు. నయమాను కోపించి తిరిగిపోయినప్పుడు అతని దాసులు దగ్గరకు వచ్చి, తండ్రీ అని పిలిచి, మెల్లగా ఒప్పించిరి. ఆలాగే మేనమామ గాని, పెద్దమ్మ గాని, పాస్టరుగారు గాని, సంఘములోని వైద్యుడు గాని, నర్సమ్మ గాని మధ్యవర్తిగా నుండి మాటలాడవచ్చును. అటువంటివారి నొకరిని వెదకుడి.

తలిదండ్రుల సమ్మతి వచ్చువరకు సహాయము కోరకూడదని వాక్యము చెప్పుటలేదు. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చొప్పున నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న విద్యాసంస్థలలో తగిన అర్హతగల కౌన్సెలరునైనను, మనస్తత్వ నిపుణునినైనను, సాంఘిక కార్యకర్తనైనను ఏర్పరచవలెను. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను నంబరున రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్స పొందు హక్కును, సంగతులు గోప్యముగా నుంచబడు హక్కును ఇచ్చుచున్నది. పదునెనిమిది సంవత్సరములు నిండినవారు తామే వైద్యుని చూడవచ్చును. ఆ వయస్సు రానివారి చికిత్సలో సంరక్షకుల ప్రమేయము అవసరము గనుక వారికి మధ్యవర్తి మరింత అవసరము.

మరణపు తలంపులు వచ్చుచున్నయెడల మంచి సమయముకొరకు కనిపెట్టవద్దు. ఆ దినమే, ఆ గడియయందే, ప్రక్కగదిలోని స్నేహితునితోనైనను వార్డెనుతోనైనను చెప్పి, ఒంటరిగా నుండక, ఆసుపత్రికి వెళ్లుడి.

7. తలిదండ్రులకు ఒక మాట

మీ భయములు తెలియనివి కావు. పిచ్చి అను పేరు వచ్చుననియు, పెండ్లి సంబంధములు తప్పిపోవుననియు, సంఘములో మాటలు పుట్టుననియు మీరు వెరచుచున్నారు. అయినను మీ బిడ్డ చెప్పినందువలన బాధ పుట్టలేదు. అది అంతకుముందే ఉండెను, ఇప్పుడు మీకు తెలిసినది. కారణము అడుగుటకు ముందు, "చెప్పి మంచిపని చేశావు" అనుడి. ఏలీ వృద్ధుడు, యాజకుడు. అయినను తన మాటను సమాధానముగా మార్చుకొనుటకు సిగ్గుపడలేదు. ఇంకను ప్రార్థనకు ఫలము కనబడకమునుపే, తన్ను అపార్థము చేసికొనిన పెద్ద తన మాట విని దీవించిన ఆ దినమే, హన్నా వెళ్లి భోజనము చేసెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఎల్కానా అపార్థమునకును ఏలీ అపార్థమునకును గల భేదమేమి? మన గృహములలో ఏది ఎక్కువ?
2. హన్నా ప్రత్యుత్తరములో గౌరవమును ధైర్యమును ఏలాగు కలిసియున్నవి?
3. మన సంఘములో ఒక విద్యార్థి తన కృంగుదలను ఎవరితో చెప్పుకొనగలడు? అట్టివారు లేనియెడల ఎవరిని సిద్ధపరచవలెను?

ప్రార్థన

స్వరము వినబడని ప్రార్థనను ఆలకించు తండ్రీ, చెప్పుకొనలేక కుమిలిపోవుచున్న నీ బిడ్డలకు మాటలను, వారి మాటలు వినవలసిన పెద్దలకు చెవులను దయచేయుము. చికిత్స చేయువారి చేతులను ఆశీర్వదించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.