మాట వినెడి యంత్రము

కోనసీమలో ఒక రైతును “కోతలు పూర్తియైనవా?” అని యడిగినచో “ఆయ్, అయిపోయాయండి” అని బదులు చెప్పును. ఆ “ఆయ్” అను పలుకులో అంగీకారమును గౌరవమును రెండును గలవు. గోదావరి ప్రాంతపు బిడ్డలకు ఇది యెవ్వరును నేర్పనక్కరలేదు. యంత్రమునకో, నేర్పవలసినదే. యంత్రమునకు మాట వినుట నేర్పినవారిలో అగ్రగణ్యులొకరు మన తెలుగువారే.

దబ్బల రాజగోపాలరెడ్డిగారు 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున రైతు కుటుంబమున జన్మించిరి. లోకము వీరిని రాజ్ రెడ్డి యని యెరుగును. మదరాసు గిండీ కళాశాలలోను, ఆస్ట్రేలియాలోను చదివి, అచ్చటనే ఐ.బి.యం. సంస్థలో కొంతకాలము ఉద్యోగము చేసిరి. పిదప అమెరికాకు వెడలి 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేరిరి.

అచ్చట వీరి బృందము నిర్మించిన ‘హార్పీ’ 1976 నాటికి 1,011 మాటలను గుర్తింపగలిగినది. దాని ఉపాయము వినుడు. ధ్వనినొక్కదానినే నమ్ముకొనక, ఏ మాట వెనుక ఏ మాట రాదగునో ముందుగనే యంత్రమునకు తెలుపుదురు. అది పొసగని త్రోవలను వెంటవెంటనే విడిచి, మిగిలినవానిలో మేలైనదానిని గ్రహించును. ఈ కృషికి ధనమొసగినది అమెరికా రక్షణశాఖ. లాభముకొరకు నడచు కంపెనీ యేదియు అన్నియేండ్లు ఓపికపట్టియుండదని నా యభిప్రాయము. అయినను ఆ ప్రయోగశాలలో చదివిన బేకర్ దంపతులు 1982లో ‘డ్రాగన్ సిస్టమ్స్’ అను సంస్థను స్థాపించి, మాటను వ్రాతగా మార్చు సాధనములను అంగడికెక్కించిరి.

1979లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ధనసహాయముతో ఆ విశ్వవిద్యాలయమున రోబోటిక్స్ సంస్థ వెలసినది. రెడ్డిగారే దాని తొలి సంచాలకులు. కర్మాగారమునకు తెలివిగల యంత్రములు కావలెను. పండితులకు తమ యూహలను పరీక్షించుటకు నిజమైన పని కావలెను. 1994లో వీరికి ట్యూరింగ్ బహుమతి లభించినది. 1998లో హైదరాబాదున ట్రిపుల్ ఐటీ నెలకొల్పినప్పుడు ఐ.బి.యం., ఒరాకిల్ మొదలగు కంపెనీలు ఆ ప్రాంగణముననే తమ విభాగములను తెరచినవి. రెడ్డిగారు దాని పాలకమండలికి అధ్యక్షత వహించిరి.

తెలుగుతో చిక్కు వేరు. “రాముడెక్కడున్నాడు” అనునది చెవికి ఒకే మాట; విడదీసినచో మూడు. వచ్చాడు, వచ్చాడా, వచ్చాడట, వచ్చాడనుకుని... ఇట్లు ఒక్క క్రియ ఎన్ని రూపములెత్తునో! వేయి మాటల పట్టిక ఏమూలకు? పలువురు పలికిన మాటలను వాని వ్రాతప్రతులతో సహా కూడబెట్టవలెను. 2018లో మైక్రోసాఫ్ట్ సంస్థ తెలుగు, తమిళ, గుజరాతీ ధ్వనిసంచయములను పరిశోధకులకు అందించినది. 2021లో ట్రిపుల్ ఐటీ 2,000 గంటల తెలుగు సంభాషణను ప్రజలనుండి సేకరింప పూనుకొన్నది.

ఇట్లు సేకరించిన మాటలు ఎవరి సొత్తు? కంపెనీ దాచుకొనగోరును; పండితుడు ప్రకటింపగోరును. ఒప్పందము వ్రాయునాడే ఈ సంగతి తేల్చుకొనుట మేలు. ఎవరి మాటలు సేకరింపవలెననుట అంతకన్న పెద్ద ప్రశ్న. వార్తలు చదువువారి తెలుగే అందు చేరినచో, అంబాజీపేటలోని కొబ్బరికాయల బేరము యంత్రమునకు ఒక్క ముక్కయు బోధపడదు.