ఆరోగ్య వదంతులు: వేదికల బాధ్యత, పౌరుల విధి

2017 ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడు, గోవా, పుదుచ్చేరి, లక్షద్వీప్‌లలో తట్టు–రుబెల్లా టీకా కార్యక్రమం ఆరంభమైంది. తొమ్మిది నెలలు నిండిన శిశువులు మొదలు పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ, అంతకుముందు టీకా పడినదీ లేనిదీ చూడకుండా, ఒక మోతాదు వేయాలన్నది సంకల్పం. తట్టు ముదిరితే న్యుమోనియాకు, మెదడు వాపుకు దారితీయవచ్చు. గర్భవతికి రుబెల్లా సోకితే పుట్టబోయే బిడ్డ కన్ను, చెవి, గుండె దెబ్బతినవచ్చు.

కార్యక్రమం మొదలవుతుండగానే వాట్సాప్‌లో వదంతులు వ్యాపించాయి. టీకా ప్రాణం తీస్తుందనీ, దాని వెనుక విదేశీ కుట్ర ఉందనీ సందేశాలు తిరిగాయి. తమిళనాడులో అనేకమంది తల్లిదండ్రులు వెనుకాడారు. ప్రభుత్వం గడువును పొడిగించవలసి వచ్చింది.

వలస కుటుంబాలకు ఈ ప్రమాదం మరింత దగ్గరది. పాఠశాల పంపిన టీకా నోటీసు కన్నడంలోనో తమిళంలోనో ఉంటుంది. వదంతి మాత్రం సొంత ఊరి బంధువు నుండి తేట తెలుగులో వస్తుంది. చదవలేని నిజం కంటే అర్థమయ్యే అబద్ధమే మనసుకు ముందు చేరుతుంది. పంపినవారు ఆత్మీయులు కావడం వల్ల అనుమానించడం కూడా మర్యాద కాదనిపిస్తుంది. పంపినవారి మంచితనం సందేశంలోని సత్యానికి హామీ కాదు.

అయితే భారమంతా చదువరిపైనే మోపడం న్యాయం కాదు. వాట్సాప్ సందేశాలు పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప ఇతరులకు కనబడని సంకేత రూపంలో ప్రయాణిస్తాయి. కనుక సంస్థ వాటిని చదివి వడపోయజాలదు. కానీ వేగాన్ని తగ్గించగలదు. మూకదాడులకు దారితీసిన వదంతుల తరువాత, 2018 జూలైలో, భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు సంభాషణలకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి ప్రకటించింది. కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, అప్పటికే అనేకసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక సంభాషణకే పరిమితం చేసింది. ఒక్క అక్షరమైనా చదవకుండానే వ్యాప్తిని కట్టడి చేయవచ్చునని దీనివల్ల తేలింది. వీడియో వేదికల విషయంలో బాధ్యత ఇంకా స్పష్టం: తరువాత ఏ వీడియో చూపాలో నిర్ణయించేది సంస్థ రూపొందించిన వ్యవస్థే.

చట్టం ఏమంటోంది? సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 79వ సెక్షను, ఇతరులు పెట్టిన సమాచారం విషయంలో, షరతులకు లోబడి, వేదికలకు రక్షణ ఇస్తుంది. కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ ఆదేశం గానీ అందినప్పుడే తొలగింపు బాధ్యత ఏర్పడుతుందని శ్రేయా సింఘాల్ కేసులో 2015లో సుప్రీంకోర్టు వివరించింది. ప్రతి ఫిర్యాదుపైనా సంస్థలే తీర్పరులైతే భావప్రకటన స్వేచ్ఛకు ముప్పు కలుగుతుందన్నది అందులోని ఆంతర్యం. 2021 నిబంధనలు వేదికలు ఫిర్యాదుల అధికారిని నియమించాలనీ, ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలపాలనీ, గడువులోగా పరిష్కరించాలనీ విధించాయి. నిర్ణయం సంతృప్తికరం కాకపోతే అప్పీలు కమిటీని ఆశ్రయించే వీలును 2022 సవరణ కల్పించింది. మధుమేహం, క్యాన్సర్ వంటి వ్యాధులను నయం చేస్తామనే మందుల ప్రకటనలను 1954 నాటి ప్రత్యేక చట్టం ఏనాడో నిషేధించింది.

పౌరుల విధి ఇక్కడే మొదలవుతుంది. రెండు బాణాల గుర్తు ఉన్న సందేశం అనేకసార్లు చేతులు మారినదని గ్రహించాలి. తేదీ, ఊరు, ఆసుపత్రి పేరు లేని మరణవార్తను మరొకరికి పంపరాదు. టీకా నోటీసు అర్థం కాకపోతే ఆశా కార్యకర్తను గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని గానీ, పిల్లవాని ఉపాధ్యాయుని గానీ అడగాలి. భాష రాకపోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. హానికరమైన వీడియో కనబడితే ఆ వేదికలోనే ఫిర్యాదు నమోదు చేసి, దాని సంఖ్యను భద్రపరచుకోవాలి. బంధువును గుంపులో నిలదీయక, విడిగా ఫోనులో చెబితే మాట వినబడుతుంది, బంధమూ నిలుస్తుంది.

ఆలోచించవలసిన ప్రశ్నలు
1. సందేశాన్ని చదవకుండానే దాని వ్యాప్తిని వేదిక ఎట్లా తగ్గించగలదు?
2. ఏది తొలగించాలో సంస్థలకే వదిలివేస్తే కలిగే నష్టమేమిటి?
3. ఇంటికి వచ్చిన ఆరోగ్య నోటీసును తెలుగులో వివరించగలవారు మీ వీధిలో ఎవరున్నారు?