సైట్ సూపర్‌వైజర్ అవ్వాలనుకుంటున్నారా? ఈ మాటలు యజమానికి విడమరచి చెప్పగలగాలి

సివిల్ డిప్లొమా, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ పూర్తిచేసిన చాలామంది ఉద్యోగ జీవితం సైట్ మీదే మొదలవుతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కట్టించుకునే యజమాని మొదట అడిగేది మిమ్మల్నే. అందుకే పదాలు బట్టీపట్టి ఊరుకోకండి. ప్రతి పదం వెనకున్న కొలత, కారణం నేర్చుకోండి.

ఎం20: 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాల్సిన కాంక్రీటు. సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు 1:1.5:3. పోత సులువని మేస్త్రీ నీళ్లు ఎక్కువ కలిపితే బలం తగ్గుతుంది. ఆ మాట అక్కడికక్కడే చెప్పి ఆపించాలి.

రాడ్ బరువు: వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 162తో భాగిస్తే మీటరు రాడ్ బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం రాడ్ మీటరుకు సుమారు 0.89 కిలోలు. లారీ దిగిన ఇనుము లెక్క సరిపోయిందో లేదో దీంతో తేలిపోతుంది.

కవర్: రాడ్‌కూ కాంక్రీటు బయటి అంచుకూ మధ్య ఉండే మందం. సాధారణ పరిస్థితుల్లో శ్లాబుకు కనీసం 20, పిల్లర్‌కు 40, ఫుటింగ్‌కు 50 మిల్లీమీటర్లు. ఇది తగ్గితే తేమ లోపలికి చేరి రాడ్ తుప్పు పడుతుంది, పెచ్చులూడతాయి. కాబట్టి పోతకు ముందే కవర్ బ్లాకులు చూసుకోవాలి.

క్యూరింగ్: నీళ్లు పట్టడం. ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజొలానా) సిమెంటుకు 10 రోజులు కాంక్రీటు తడి ఆరకూడదు. మన ఎండల్లో అంతకంటే ఎక్కువ రోజులు నీళ్లు పట్టడమే మేలు.

కార్పెట్ ఏరియా: 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఫ్లాటు లోపల వాడుకునే స్థలం. లోపలి అడ్డుగోడలు ఇందులోకి వస్తాయి. బయటి గోడలు, బాల్కనీ రావు. మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి స్థలాల వాటా కూడా కలిపి చెప్పేది సూపర్ బిల్టప్. రియల్ ఎస్టేట్ సంస్థల్లో చేరాలనుకునేవారికి ఈ తేడా తప్పనిసరి.

పదో తరగతి పూర్తయినవారు పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరవచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ కూడా నిర్మాణ పనుల్లో శిక్షణ ఇస్తుంది. చదువుతుండగానే మీ ఊళ్లో కడుతున్న ఒక ఇంటికి అనుమతి అడిగి వెళ్లండి. ప్లాను చేతబట్టి ఫుటింగ్ నుంచి పిట్టగోడ దాకా కొలతలు రాసుకోండి. ఇంటర్వ్యూలో ఆ నోటుబుక్కు చూపించి, ప్రతి అంకె ఎందుకో వివరించండి.