తెరపై అక్షరం: జావాస్క్రిప్ట్‌తో రాసే మూడు పద్ధతులు

ఇదివరకు దాతల పేర్లు రసీదు పుస్తకంలోనో, నోటీసు బోర్డు మీదో ఉండేవి. ఇప్పుడు చాలా సంస్థలు వాటిని వెబ్ పేజీలోనూ చూపుతున్నాయి. దాత తన పేరు, విరాళం మొత్తం టైపు చేసి బటన్ నొక్కగానే "మీ విరాళం అందింది" అనే వాక్యం కనిపిస్తుంది. ఇలాంటి వాక్యాలను తెరపై రాసే భాష జావాస్క్రిప్ట్. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ దీన్ని రూపొందించారు. దాత ఇచ్చిన మాట ఉన్నదున్నట్టుగా తెరపైకి రావాలంటే ఏ పద్ధతి వాడాలో తెలుసుకుందాం.

మొదటిది డాక్యుమెంట్.రైట్. పేజీ తయారవుతున్నంతసేపూ ఇది బాగానే పనిచేస్తుంది. పేజీ పూర్తిగా వచ్చాక వాడితే మాత్రం, అప్పటిదాకా ఉన్నదంతా చెరిగిపోయి కొత్త మాట ఒక్కటే మిగులుతుంది. అందుకే ఇప్పుడు దీన్ని వాడవద్దంటారు.

రెండవది ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్. పేజీలో ఒక చోటికి ఐడీ, అంటే గుర్తింపు పేరు పెట్టి, అక్కడ మాత్రమే రాస్తాం. మిగతా పేజీ చెదరదు. అయితే రాసిన మాటలో ట్యాగులుంటే ఇది వాటిని అక్షరాలుగా కాక పేజీలో భాగంగా తీసుకుంటుంది. పేరు రాయవలసిన గడిలో ఎవరైనా కోడ్ రాస్తే, అది చూసేవారి బ్రౌజర్‌లో నడిచే ప్రమాదముంది. సభ్యులు రాసిన దానిలో కోడ్ నడవనిస్తే ఏమవుతుందో 2005 అక్టోబరులో మైస్పేస్‌లో లోకం చూసింది. శామీ కమ్‌కార్ అనే యువకుడు తన ప్రొఫైల్‌లో పెట్టిన కోడ్ ఒక్క రోజులోనే 10 లక్షలకు పైగా ఖాతాలకు పాకింది.

మూడవది టెక్స్ట్‌కంటెంట్. ఇది దేన్నయినా ఉత్త అక్షరాలుగానే చూపుతుంది, కోడ్‌ను నడపదు. ఇతరులు టైపు చేసిన మాటకు ఇదే తగినది.

అంకెల విషయంలోనూ జాగ్రత్త కావాలి. గడిలో టైపు చేసిన అంకె జావాస్క్రిప్ట్‌కు మాట కిందే లెక్క. ఒకరు 500, మరొకరు 200 ఇస్తే, ప్లస్ గుర్తు రెంటినీ పక్కపక్కన చేర్చి 500200 అని చూపుతుంది. ముందుగా నంబర్ అనే ఫంక్షన్‌తో అంకెలుగా మారిస్తేనే 700 వస్తుంది.

మన సంస్థ పేజీని అందరికీ తెరవకముందే, తయారు చేసిన వారిని ఒక చిన్న పరీక్ష చేయమని అడుగుదాం. పేరు గడిలో బోల్డ్ ట్యాగుల మధ్య ఒక పేరు రాసి చూడాలి. ట్యాగులు మాయమై పేరు లావు అక్షరాల్లో కనిపిస్తే ఆ పేజీని సరిచేయాలి. ట్యాగులతో సహా రాసింది రాసినట్టే కనిపిస్తే ఆ గడి వరకు నిశ్చింతగా ఉండవచ్చు. రసీదుపై పేరు, లెక్క ఎంత సరిగా ఉండాలని కోరుకుంటామో, తెరపైనా అంతే సరిగా ఉండాలి.