పాత పికప్ బండి కొనుటకు ముందు

మచ్చ బొల్లారం, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతముల కూరగాయల రైతులకు బోయిన్‌పల్లి మార్కెట్టు దగ్గరలోనే కలదు. బాడుగ తప్పునను ఆశతో కొందరు చాల దూరము తిరిగిన పాత పికప్ బండ్లను బేరమాడుచున్నారు. బేరమునకు ముందు లెక్క చూచుకొనవలెను.

3 లక్షలకు కొన్న బండి 5 ఏండ్ల పిమ్మట 1 లక్షకు అమ్ముడగునని అనుకొందము. ఏటికి తరుగు 40,000 రూపాయలు. బీమా, టైర్లు, మరమ్మతులకు మరి 60,000 అనుకొన్నచో మొత్తము 1 లక్ష. డీజిలు, డ్రైవరు ఖర్చు పోను బాడుగపై ట్రిప్పుకు 700 మిగిలినచో, ఏటికి 143 ట్రిప్పులు వేసినగాని గిట్టదు. టమాటా కాపు రెండు నెలలు మాత్రమే సరకు పంపు రైతు ఇరుగుపొరుగుతో కలిసి బాడుగ బండి పెట్టుకొనుటయే మేలు.

కొనదలచినవారు మీటరులోని అంకెను నమ్మరాదు. దానిని వెనుకకు త్రిప్పుట కష్టము కాదు. పెడళ్ళ అరుగుదల చూడవలెను. ఉదయమున చల్లని ఇంజనును తమ ఎదుటనే స్టార్టు చేయించవలెను. (అమ్మువాడు ముందే వేడిచేసి యుంచినచో అనుమానింపవలసినదే.) నీలిపొగ విడువక వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నదని గ్రహించవలెను. ఇంజనుకంటె ఛాసిస్ ముఖ్యమని నా అభిప్రాయము. కమాను పట్టీలు బిగించిన చోట పగుళ్ళు, వెల్డింగు అతుకులు కనిపించినచో ఆ బండి మితిమీరిన బరువు మోసినదో, ప్రమాదమునకు గురియైనదో అయి యుండును. ఇంజనును విప్పి బాగుచేయించవచ్చును. ఛాసిస్ దారిలో విరిగినచో సరకుతోపాటు మనుష్యులకును ముప్పు.

8 ఏండ్లు దాటిన సరకు బండికి ఫిట్‌నెస్ పత్రము ఏటేటా పొందవలెను. ఆర్.సి.లో అప్పు నమోదై యున్నచో, ఫారం 35పై అప్పిచ్చినవారి సంతకము చూడనిదే బయానా ఇవ్వరాదు. కొన్న 14 దినములలో బీమా సంస్థకు, 30 దినములలో పేరు మార్పునకై రవాణా కార్యాలయమునకు దరఖాస్తు చేసుకొనవలెను.